కొరియా కమ్యూనిస్టు పార్టీ ఎక్కడ పుట్టింది? ఖబరోవ్‌స్క్, షాంఘై, ఇర్కుత్స్క్, సియోల్: నాలుగు ఊళ్ల లెక్క

మీరు అడిగింది ఇది: కొరియా కమ్యూనిస్టు పార్టీ 1918లో పుట్టిందని ఒకచోట, 1921లో అని ఇంకోచోట, 1925లో అని మరోచోట చదివారు. 1921 అన్నవాళ్లలో కూడా కొందరు షాంఘై అంటే కొందరు ఇర్కుత్స్క్ అంటున్నారు. ఏది నమ్మాలి? ఆ రెండు ముఠాలూ సిద్ధాంతం కోసమేనా ఒకరినొకరు కాల్చుకున్నది?

ముందు సూటి జవాబు. మూడు సంవత్సరాలూ సరైనవే, నాలుగు ఊళ్లూ సరైనవే. కాకపోతే అవి నాలుగు వేర్వేరు సంస్థలవి. 1918 వసంతంలో రష్యా దూరప్రాచ్యంలోని ఖబరోవ్‌స్క్‌లో పుట్టింది కొరియన్ల సోషలిస్టు పార్టీ, వాళ్ల భాషలో హానిన్ సాహ్వేదాంగ్. 1921 మే నెలలో, కొద్దిరోజుల తేడాతో, ఒకే పేరుతో రెండు పార్టీలు పుట్టాయి. సైబీరియాలోని ఇర్కుత్స్క్‌లో ఒక 'కొర్యొ కమ్యూనిస్టు పార్టీ', షాంఘైలో ఇంకో 'కొర్యొ కమ్యూనిస్టు పార్టీ' (కొర్యొ అన్నది కొరియాకే పాత పేరు). ఇక 1925 ఏప్రిల్ 17న సియోల్‌లో రహస్యంగా ఏర్పడి, మరుసటి ఏడు కొమింటర్న్ (మాస్కోలోని అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ) గుర్తింపు పొందినదే అసలు 'కొరియా కమ్యూనిస్టు పార్టీ'.

రెండో ప్రశ్నకు: సిద్ధాంత భేదం ఉంది గానీ తుపాకులు పేలేంతటిది కాదు. తగవంతా పౌరసత్వం, బంగారం, సైన్యం మీద అజమాయిషీ, మాస్కో గుర్తింపు అనే నాలుగింటి చుట్టూ తిరిగింది. ఈ నాలుగూ విడివిడిగా చూస్తేనే కథ అర్థమవుతుంది.

పౌరసత్వం, అంటే భూమి. కొరియన్లు రష్యా దూరప్రాచ్యంలోకి రావడం 1860ల్లోనే మొదలైంది. ఉత్తరాన హామ్‌గ్యోంగ్ ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు తూమెన్ నది దాటి వచ్చేసేవాళ్లు. 1884లో కొరియాకూ రష్యాకూ ఒప్పందం కుదిరింది. దానికి ముందు వచ్చినవాళ్లకు తర్వాతి దశాబ్దంలో రష్యా పౌరసత్వం, కుటుంబానికి 15 దెస్యాతీన్ల భూమి దక్కాయి. మన కొలతలో దాదాపు 40 ఎకరాలు. వెనకవచ్చినవాళ్లకు ఆ హక్కు లేదు, ముందొచ్చిన కొరియన్ల పొలాలనే కౌలుకు చేసుకున్నారు. మొదటివాళ్లను వొన్‌హోయిన్ అనీ, రెండోవాళ్లను యొహోయిన్ అనీ పిలిచేవారు. మన మాటల్లో ఒకరు పట్టాదారు, ఇంకొకరు కౌలుదారు.

జపాన్ 1905లో కొరియాను తన రక్షిత రాజ్యం చేసుకుంది, 1910లో పూర్తిగా కలిపేసుకుంది. అప్పుడు మూడో పొర వచ్చి చేరింది. మాజీ సైనికాధికారులు, బడిపంతుళ్లు, క్రైస్తవ ప్రచారకులు, జపాన్ పోలీసుల జాబితాల్లో పేరెక్కినవాళ్లు. వీళ్లలో చాలామందికి రష్యన్ రాదు, భూమి లేదు, మనసంతా సరిహద్దుకు అవతలే. వ్లదివొస్తోక్‌లోని కొరియన్ పేట సిన్‌హాన్‌చోన్ వీళ్ల అడ్డా.

ఈ పొరలే తర్వాత పార్టీలయ్యాయి. ఇర్కుత్స్క్ వర్గంలో ఎక్కువమంది రష్యాలో పుట్టి పెరిగిన పౌరసత్వ కొరియన్లు. రష్యన్ బడుల్లో చదివినవాళ్లు, కొందరు జార్ సైన్యంలో పనిచేసినవాళ్లు. నామ్ మాన్‌చున్, హాన్ మ్యోంగ్‌సే, ఓ హాముక్ అలాంటివాళ్లే. షాంఘై వర్గంలో ప్రవాస దేశభక్తులు. వాళ్ల నాయకుడు యీ దోంగ్‌హ్వి కొరియా రాజ సైన్యంలో అధికారి, గాంగ్‌హ్వా ద్వీపంలో దండు నడిపినవాడు, తర్వాత క్రైస్తవం పుచ్చుకుని ఊరూరా బళ్లు పెట్టించినవాడు. సామ్యవాదానికి ఆయన వచ్చింది మార్క్స్‌ను చదివి కాదు, జపాన్‌తో పోరాడే మిత్రుడి కోసం వెతుకుతూ. దీన్ని కొందరు ఆయన లోపంగా రాస్తారు. నాకు అలా అనిపించదు. ఆ రోజుల్లో ఆసియాలో బోల్షెవిక్కుల (లెనిన్ నాయకత్వంలోని రష్యన్ కమ్యూనిస్టుల) వైపు నడిచినవాళ్లలో చాలామంది ఆ దారినే వచ్చారు.

ఈ రెండు పొరలకూ వంతెనగా నిలిచిన మనిషి అలెగ్జాండ్రా కిమ్. 1885లో రష్యా గడ్డ మీదే పుట్టిన కొరియన్ మహిళ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉరల్ ప్రాంతంలో చెట్లు కొట్టే కొరియన్, చైనా కూలీలకు దుబాసీగా వెళ్లి, వాళ్ల కూలి బకాయిల కోసం పోరాడుతూ బోల్షెవిక్ అయింది. 1918లో ఖబరోవ్‌స్క్ సోవియట్‌లో (విప్లవ పాలక మండలిలో) విదేశీ వ్యవహారాలు చూసేది. యీ దోంగ్‌హ్వి బృందాన్ని సోవియట్‌కు దగ్గర చేసి, 1918 పార్టీ పుట్టుకకు కారణమైంది ఆమే. అదే సెప్టెంబరులో శ్వేత సైన్యాలు (బోల్షెవిక్ వ్యతిరేక రష్యన్ దళాలు), జపాన్ దళాలు ఖబరోవ్‌స్క్‌ను పట్టుకున్నాయి. పడవలో తప్పించుకుపోతుండగా ఆమె దొరికిపోయింది, కాల్చి చంపారు. రష్యన్ పార్టీలోనూ ప్రవాసుల్లోనూ సమానంగా మాట చెల్లే మనిషి ఆ తర్వాత ఎవరూ లేరు.

1919లో మొదటి పగ. జపాన్ పాలన మీద కొరియాలో లేచిన మార్చి 1 ఉద్యమం తర్వాత రెండు ప్రవాస ప్రభుత్వాలు వెలిశాయి. వ్లదివొస్తోక్‌లో మూన్ చాంగ్‌బొమ్ అధ్యక్షుడిగా జాతీయ మండలి, షాంఘైలో ఏప్రిల్ 11న తాత్కాలిక ప్రభుత్వం. సెప్టెంబరులో కలుద్దామనుకున్నారు. వ్లదివొస్తోక్ వాళ్లకు అర్థమైన షరతు: రెండూ రద్దయి కొత్తది ఏర్పడాలి. వాళ్లు తమది రద్దు చేసుకున్నారు. షాంఘై వాళ్లు మాత్రం ఉన్నదానికే మంత్రివర్గం మార్చి సరిపెట్టారు. మూన్‌కు రవాణా మంత్రి పదవి ఇస్తామన్నారు. ఆయన మోసం అని తేల్చి వెనక్కు వచ్చేశాడు. యీ దోంగ్‌హ్వి మాత్రం షాంఘైలో ఉండిపోయి ప్రధానమంత్రి అయ్యాడు. వెనక్కు వచ్చినవాళ్లు 1920 మొదట్లో తమ మండలిని మళ్లీ నిలబెట్టి, క్రమంగా ఇర్కుత్స్క్ వర్గంతో చేతులు కలిపారు. రెండేళ్ల తర్వాతి కాల్పులకు విత్తనం ఇక్కడుంది. మార్క్స్ పేరు ఈ తగాదాలో ఎక్కడా వినబడదు, గమనించండి.

బంగారం. ఈ భాగం ఎక్కువ పుస్తకాల్లో ఒక వాక్యంతో అయిపోతుంది, కానీ గొడవకు ఇదే గుండెకాయ. 1920లో తాత్కాలిక ప్రభుత్వ దూతగా హాన్ హ్యోంగ్‌గ్వొన్ మాస్కో వెళ్లాడు. సోవియట్ ప్రభుత్వం 20 లక్షల బంగారు రూబుళ్లు ఇస్తానని మాట ఇచ్చింది, మొదటి విడతగా 6 లక్షలు మంజూరు చేసింది. అందులో 4 లక్షలు మోసుకొచ్చారు, 2 లక్షలు మాస్కోలోనే ఉంచారు.

ఎందుకు ఉంచారంటే బరువు వల్ల. ఒక బంగారు రూబులులో మేలిమి బంగారం 0.774 గ్రాములు. 4 లక్షలంటే మేలిమి లెక్కన 310 కిలోలు, నాణేల కల్తీ కలిపితే 340 కిలోలు దాటుతుంది. పెట్టెల్లో సర్ది, అంతర్యుద్ధం నడుస్తున్న సైబీరియా మీదుగా రైల్లో తేవాలి. తర్వాత ఒక దారి మంచూరియా (ఈశాన్య చైనా), అక్కడ జపాన్ నిఘా. ఇంకో దారి మంగోలియా, ఉర్గా (నేటి ఉలాన్‌బాతర్) నుంచి గోబీ ఎడారి దాటి పెకింగ్. ఉర్గాలో ఈ రవాణాకు సాయపడినవాడు మంగోలియా రాజవైద్యుడిగా పేరు తెచ్చుకున్న కొరియన్ డాక్టర్ యీ తేజున్. 1921లో రష్యన్ సేనాని ఉంగెర్న్ శ్వేత దళాలు ఉర్గాను పట్టుకున్నప్పుడు ఆయన్ను చంపేశాయి. ఉలాన్‌బాతర్‌లో ఇప్పుడు ఆయన పేర ఒక స్మారక వనం ఉంది.

డబ్బు షాంఘై చేరాక అసలు చిక్కు. ఇది ప్రభుత్వానికి వచ్చిందా, పార్టీకి వచ్చిందా? పంపిన దూత ప్రభుత్వం మనిషి, అదే సమయంలో పార్టీ మనిషి కూడా. ఇచ్చినవాళ్లు విప్లవం కోసం ఇచ్చారు. యీ దోంగ్‌హ్వి, ఆయన కార్యదర్శి కిమ్ రిప్ దాన్ని పార్టీ పనికే వాడారు. యీ 1921 జనవరిలో ప్రధాని పదవి వదిలేశాడు. కిమ్ రిప్ సొమ్ము తినేశాడని, పొలాలు కొన్నాడని ప్రచారం మొదలైంది. 1922 ఫిబ్రవరిలో షాంఘై వీధిలోనే అతణ్ని కాల్చి చంపారు. ఆ పని వెనక తాత్కాలిక ప్రభుత్వంలో భద్రత చూసే కిమ్ గూ మనుషులున్నారు. కిమ్ గూ తన ఆత్మకథలో దీన్ని దాచలేదు, సమర్థించుకున్నాడు. దక్షిణ కొరియాలో తరాల పాటు జనం నమ్మింది ఆ ఆత్మకథనే. మాస్కో దస్తావేజులు బయటపడ్డాక చరిత్రకారులు ఖర్చుల లెక్కలు చూస్తే సొమ్ములో చాలాభాగం పార్టీ పనులకే పోయినట్టు తేలింది. పత్రికలు, మనుషుల ప్రయాణాలు, స్వదేశంలోని బృందాలు, చైనా, జపాన్ సోషలిస్టులకు సాయం. జపాన్ అరాచకవాది ఒసుగి సకాయే 1920 అక్టోబరులో షాంఘై వచ్చి 2,000 యెన్లు తీసుకెళ్లాడు. తర్వాతి ఏడు వచ్చిన కొందో ఏజో తిరుగు ప్రయాణంలో షిమొనొసెకిలో డబ్బుతో సహా పోలీసులకు చిక్కాడు. జపాన్ కమ్యూనిస్టు ఉద్యమానికి తొలి పెట్టుబడి వలసలోని కొరియన్ల చేతుల మీదుగా వెళ్లిందన్నమాట.

సైన్యం: స్వొబోద్నీ, 1921 జూన్ 28. కొరియన్లు దీన్ని 'స్వేచ్ఛానగర ఘటన' అంటారు. స్వొబోద్నీ అంటే రష్యన్‌లో స్వేచ్ఛ అనే అర్థం, పాత పేరు అలెక్సేయెవ్‌స్క్, జేయా నది ఒడ్డున ఉంది. మూడు పేర్లూ ఒక ఊరివే, చదివేటప్పుడు మూడు ఘటనలనుకోకండి.

జరిగిన క్రమం ఇది. 1920 జూన్‌లో ఫెంగ్‌వుదోంగ్, అక్టోబరులో చింగ్‌షాన్‌లి దగ్గర మంచూరియా కొరియన్ దళాలు జపాన్ సైన్యాన్ని దెబ్బతీశాయి. జపాన్ సైన్యం ప్రతీకారంగా కొరియన్ పల్లెలను తగలబెట్టింది. నిలవనీడ లేక దళాలు 1921 మొదట్లో రష్యాలోకి దాటి, స్వొబోద్నీ చేరాయి. అప్పటికే అక్కడ రెండు కొరియన్ దళాలున్నాయి. ఒకటి నికొలాయెవ్‌స్క్ నుంచి వచ్చిన పాక్ ఇల్యా దళం, షాంఘై వర్గానికి దగ్గర. ఇంకొకటి ఓ హాముక్ దళం, ఇర్కుత్స్క్ వర్గానిది.

అజమాయిషీ చేసే పై అధికారాలు కూడా రెండే. తూర్పు సైబీరియాలోని చీతాలో దూరప్రాచ్య గణతంత్రం (మాస్కో అండతో నడిచిన వేరు రాజ్యం), అక్కడి పార్టీ బ్యూరోలోని కొరియన్ విభాగం షాంఘై వర్గం చేతిలో. ఇర్కుత్స్క్‌లో 1921 జనవరిలో ఏర్పడిన కొమింటర్న్ దూరప్రాచ్య కార్యాలయం, దాని పెద్ద బోరిస్ షుమ్యాత్‌స్కీ ఇర్కుత్స్క్ వర్గానికి అండ. ఒక ఆఫీసు పాక్ ఇల్యాను బలపరిస్తే, రెండోది జార్జియాకు చెందిన కలందరిష్‌విలిని సేనానిగా, ఓ హాముక్‌ను అతని కింద నియమించి పంపింది. పాక్ ఇల్యా ఆ ఉత్తర్వు ఒప్పుకోలేదు. ఆయుధాలు దించమని గడువు పెట్టారు. గడువు దాటాక ఎర్ర సైన్యం చుట్టుముట్టి కాల్చింది. కొందరు నదిలో పడి మునిగిపోయారు, వందలమంది బందీలయ్యారు.

చనిపోయినవాళ్లు ఎందరు? దాడి చేసిన పక్షం నివేదికలో 36. మంచూరియా సంఘాలు వేసిన ఖండన ప్రకటనలో 272. ఈ రెంటి మధ్య ఎక్కడో నిజం ఉంటుందని సగటు తీయొద్దు. మొదటిది తన పని సమర్థించుకోవడానికి రాసింది, రెండోది ఆ పనిని ఖండించడానికి రాసింది. ఏ అంకె వాడినా అది ఎవరిదో చెప్పి వాడడమే పద్ధతి.

ఇక్కడ రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. ఒకటి: జపాన్‌తో దైరెన్ రేవులో జరిగిన చర్చల కోసం సోవియట్లు కొరియన్లను బలి ఇచ్చారనడం. దైరెన్ చర్చలు మొదలైందే 1921 ఆగస్టు చివర్లో, అంటే కాల్పులైన రెండు నెలలకు. జపాన్‌కు సాకు దొరకకూడదన్న జాగ్రత్త చీతా ప్రభుత్వానికి ఉన్నమాట నిజమే, కానీ ఆ రోజు కాల్పులకు తక్షణ కారణం అజమాయిషీ తగవే. రెండు: హాంగ్ బొమ్‌దో తన తోటి యోధులను చంపించాడనడం. ఫెంగ్‌వుదోంగ్ వీరుడైన ఆయన ఘటనకు ముందే తన దళంతో ఇర్కుత్స్క్ పక్షం వైపు వెళ్లాడు. తర్వాత జరిగిన విచారణలో న్యాయమూర్తుల్లో ఒకడిగా కూర్చున్నాడు. అంతవరకే ఆధారం ఉంది. 2023లో సియోల్ సైనిక అకాడమీ నుంచి ఆయన విగ్రహం తీసేయాలన్న వివాదంలో ఈ రెండు తప్పులూ కలగలిపి తిరిగాయి.

మాస్కో గుర్తింపు. రెండు పార్టీలూ కొమింటర్న్ ముద్ర కోసం పరుగెత్తాయి. షాంఘై వర్గపు పాక్ చిన్‌సున్ 1920 రెండో మహాసభలోనే ప్రతినిధిగా కూర్చుని, కార్యవర్గంలోకి కూడా వెళ్లాడు. ఇర్కుత్స్క్ వర్గానికి షుమ్యాత్‌స్కీ ఉన్నాడు. 1921 నవంబరులో కొమింటర్న్ పెద్దలు బేలా కున్, కూసినెన్, సఫారొవ్‌లతో కూడిన సంఘం రెండు పక్షాల వాదనా విని, అరెస్టయిన షాంఘై వర్గం వాళ్లను వదలమంది, ఇద్దరూ సమాన సంఖ్యలో కలిసి ఒకే కేంద్ర కమిటీ పెట్టుకోమంది. 1922 జనవరి 21న మాస్కోలో మొదలైన దూరప్రాచ్య శ్రామికుల మహాసభలో అన్ని దేశాలకన్నా పెద్ద బృందం కొరియన్లదే, 50 మందికి పైగా. కిమ్ గ్యూసిక్, యో ఉన్‌హ్యోంగ్ లాంటి జాతీయవాదులు కూడా వెళ్లారు. హాంగ్ బొమ్‌దోకు లెనిన్ పిస్తోలు బహుమతిగా ఇచ్చింది అప్పుడే. అదే ఏడు అక్టోబరులో సైబీరియాలోని వెర్ఖ్‌నెఉదిన్‌స్క్‌లో ఐక్య మహాసభ పెడితే, ఎవరి ప్రతినిధిత్వం చెల్లుతుందన్న పేచీ మీదే విరిగిపోయింది. ఇర్కుత్స్క్ వాళ్లు లేచి చీతా వెళ్లి వేరే సభ పెట్టుకున్నారు. డిసెంబరులో కొమింటర్న్ రెండు పార్టీలనూ రద్దు చేసి, వ్లదివొస్తోక్‌లో కొర్బ్యూరో అనే చిన్న కార్యాలయం పెట్టి, యీ దోంగ్‌హ్వినీ హాన్ మ్యోంగ్‌సేనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. సయోధ్య కుదరలేదు, ఆ కార్యాలయం ఎక్కువ కాలం నిలవలేదు.

ఇది కొరియన్లకే పట్టిన జబ్బు అనుకోకండి. మనవాళ్ల కథను దీనితో పోల్చి చూడండి. 1920 అక్టోబరులో తాష్కెంట్‌లో ఎం.ఎన్. రాయ్ భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టాడు. 1921లో బెర్లిన్ నుంచి మాస్కో వచ్చిన బృందం రాయ్‌ను గుర్తించొద్దని పోట్లాడింది. దాని నాయకుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే, సరోజినీ నాయుడి తమ్ముడు. అక్కడా తేల్చాల్సింది ఎవరిని గుర్తించాలి, డబ్బు ఎవరి చేతికివ్వాలి అన్నదే. తేడా ఒక్కటే, మనవాళ్ల దగ్గర సరిహద్దులో వేలమంది సాయుధ దళాలు లేవు. పుట్టింది తాష్కెంట్‌లోనా 1925 కాన్పూర్‌లోనా అని మన పార్టీలు ఇప్పటికీ వాదించుకుంటాయి కదా, కొరియా తేదీల గందరగోళం సరిగ్గా అదే జాతిది.

మరి సిద్ధాంతం? ఉంది. షాంఘై వర్గం ముందు జాతీయ విముక్తి, తర్వాత సామ్యవాదం అనేది, జాతీయవాదులతో కలిసి నడవొచ్చనేది. ఇర్కుత్స్క్ వర్గం తాత్కాలిక ప్రభుత్వాన్ని నమ్మేది కాదు, సోవియట్ బాటలో నేరుగా వెళ్లాలనేది. కానీ కొమింటర్న్ 1920 వలస దేశాల తీర్మానం మొదటి పంథాకే దగ్గర. సిద్ధాంతమే గీటురాయి అయితే షాంఘై వర్గం ఎప్పుడో గెలిచి ఉండాలి.

1925 సంగతి క్లుప్తంగా. సియోల్‌లో కీలకపాత్ర హ్వాయోహ్వే, అంటే 'మంగళవార సంఘం'ది. మార్క్స్ పుట్టిన 1818 మే 5 మంగళవారం, ఆ పేరు అలా వచ్చింది. పోలీసుల కళ్లన్నీ అదే వారం జరుగుతున్న పత్రికా విలేఖరుల మహాసభ మీద ఉండగా, అసొవొన్ అనే చైనా భోజనశాలలో కొద్దిమంది కూర్చుని పార్టీ పెట్టేశారు. మొదటి కార్యదర్శి కిమ్ జేబోంగ్. నవంబరులో సిన్‌ఉయ్‌జు పట్నంలో యువకులు కొందరు హోటల్లో ఒక లాయరుతోనూ జపాన్ పోలీసుతోనూ కొట్లాటకు దిగారు. ఆ కేసులో ఇల్లు సోదా చేస్తే షాంఘైకి పంపాల్సిన రహస్య కాగితాలు దొరికాయి, దాంతో మొదటి కమిటీ మొత్తం కూలింది. 1928 డిసెంబరులో కొమింటర్న్ ఆ గుర్తింపునూ వెనక్కు తీసుకుంది, ముఠా తగాదాలనే కారణంగా చూపి.

చదివేటప్పుడు జాగ్రత్తలు. 'కొర్యొ కమ్యూనిస్టు పార్టీ' అని కనిపిస్తే ఏ ఊరిదో తేల్చుకోకుండా ముందుకు వెళ్లొద్దు. రష్యన్ తేదీలు 1918 ఫిబ్రవరికి ముందువైతే 13 రోజులు (19వ శతాబ్దానివైతే 12) కలపండి, అప్పటిదాకా అక్కడ పాత జూలియన్ క్యాలెండర్ నడిచింది. పేర్లు రష్యన్‌లో, జపనీస్‌లో, చైనీస్‌లో మూడు రకాలుగా ఉంటాయి. యీ దోంగ్‌హ్వి రష్యన్ కాగితాల్లో 'లీ దున్‌ఖ్వీ' అవుతాడు, పాక్ చిన్‌సున్ 'పాక్ దిన్‌షున్' అవుతాడు. ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టిన వ్యాసాలు ఉన్నాయి.

ఆధారాల విషయానికొస్తే మూడే గంపలు. జపాన్ కాన్సులేట్ పోలీసుల నివేదికలు: తేదీలు, ఊళ్లు బాగా ఉంటాయి, కానీ ప్రతి కొరియన్నూ బోల్షెవిక్‌గా చూపే అలవాటు ఉంది. మాస్కోలోని కొమింటర్న్ దస్తావేజులు, కొరియావి 495వ నిధిలో 135వ జాబితా కింద ఉన్నాయి: ఖర్చుల లెక్కలకు ఇవే దిక్కు, కానీ సగం ఒకరి మీద ఒకరు రాసుకున్న ఫిర్యాదులే. మూడోది జాతీయవాదుల ఆత్మకథలు. ఆ రెండు పార్టీల నాయకుల ఆత్మకథలు ఎందుకు లేవంటే, యీ దోంగ్‌హ్వి 1935లో వ్లదివొస్తోక్‌లో చనిపోయాడు, మిగతావాళ్లలో పాక్ చిన్‌సున్, నామ్ మాన్‌చున్ సహా చాలామందిని, ఏ వర్గమన్న తేడా లేకుండా, స్టాలిన్ పోలీసులు 1937, 1938ల్లో కాల్చేశారు. 1937 శరదృతువులోనే దూరప్రాచ్యంలోని దాదాపు 1,72,000 మంది కొరియన్లను రైళ్లలో కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించారు. ఇళ్లలోని ఉత్తరాలు, డైరీలు చాలావరకు అప్పుడే పోయాయి.